కాలర్ మీది వాసన

పోయినవారం భాగం చదివినవాళ్ళు ఈ పేరా దాటి కిందికి పోవచ్చు. పోయి అక్కడ బుద్ధిగా కూర్చోండి, మిగతావాళ్ళకి చెప్పి వచ్చేస్తాను. నా మేనకోడలు ఎలుక పిల్లల చిన్నమెదడు మీద పరిశోధన చేస్తుంది. అదే ప్రయోగశాలలో ఎలుకల గదికి కాపలా, ఆయా, వడ్డించేవాడు, ఊడ్చేవాడు అన్నీ నేనే. కోడలి ప్రయోగం అడ్డం తిరిగింది. మందు ఇచ్చిన పిల్లలకీ, ఉత్త ఉప్పునీళ్ళు ఇచ్చిన పిల్లలకీ తేడా కనబడటం లేదు. పెద్దసారు పిలిచి, "మందైనా అబద్ధం అయ్యుండాలి, నీ చెయ్యైనా" అన్నాడు. మళ్ళీ మొదటినుంచీ చేస్తానని చెప్పి వచ్చింది. ఆ రోజే మా అక్క, అంటే కోడలి తల్లి, తన కొడుకుని ఇంట్లోంచి గెంటేసింది, తాగి తూలుతున్నాడని. వీధి చివర పడినవాణ్ణి భుజాన వేసుకొచ్చింది నేనే. "నేను తాగలేదు మామయ్యా, చొక్కాకి ఈ వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు" అని వాడు ఒకటే గొడవ. "అయితే చొక్కాయే తాగిందేమోలేరా, దాన్నే గెంటేద్దాం" అన్నాను. చుట్టుపక్కలవాళ్ళంతా నవ్వారు. వాడు నవ్వలేదు. గోడలకి రంగులు వేసే బ్రష్షులూ రెండు చొక్కాలూ సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

అక్కడ ఆగాం కదా. ఇక రండి.

ఎలుక పిల్లని పుట్టినప్పుడు చూడాలి. బొచ్చుండదు, కళ్ళు తెరుచుకోవు, చెవులు తలకి అంటుకుపోయి ఉంటాయి. తొక్క తీసిన చిక్కుడు గింజ నయం. వెల్లకిలా పడుకోబెడితే గాల్లో కాళ్ళు ఆడించడమే తప్ప ఎటు తిరగాలో తెలీదు. తిరిగీ తిరగనట్టు తిరిగి మళ్ళీ వెల్లకిలా పడుతుంది. రోజులు గడిచేకొద్దీ బొచ్చొస్తుంది, కాళ్ళకి లెక్క తెలుస్తుంది, ఒకనాటికి ఇలా పడుకోబెట్టగానే అలా తిరిగి లేచి కూర్చుంటుంది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఎలుకల గదిలో చప్పట్లు నిషేధం.

కోడలు ఒకసారి నాకు దీని మర్మం చెప్పింది. "వీటికి చిన్నమెదడు పుట్టాకే కుదురుతుంది మామయ్యా. లోపల పెద్ద పెద్ద కణాలుంటాయి. మొదట్లో ఒక్కో కణాన్ని నాలుగైదు తీగలు వచ్చి పట్టుకుంటాయి. మూడో వారం దాటేసరికి ఒక్కటే మిగుల్తుంది."

"బస్సులో ఒక్క సీటుకి నలుగురు చేతిరుమాళ్ళు విసిరినట్టు."

"ఆఁ, అలాగే. గట్టిగా కూర్చున్నవాడిదే సీటు."

"మిగతావాళ్ళు?"

"దిగిపోతారు."

"పాపం. నిలబడైనా వస్తారు కదే."

"వాళ్ళు దిగకపోతే ఎలుక సరిగ్గా నడవలేదు. తూలుతుంది."

కోడలు వాడే మందు ఆ దిగిపోవడాన్ని ఆలస్యం చేస్తుందిట. మందు పడ్డ పిల్లలు వెల్లకిలా నుంచి తిరగడానికి ఎక్కువ సేపు తీసుకోవాలి, తర్వాత మెదడు ముక్క కోసి చూస్తే దిగని తీగలు కనబడాలి. అలా కనబడటం లేదనే పెద్దసారు కోపం.

ఇవాళ మధ్యాహ్నం కొత్త ఈతలో పుట్టిన పిల్లలకి మందు వెయ్యాలి. అప్పుడప్పుడే సన్నటి బొచ్చొచ్చిన వయసు. ఆ గదిలోకి సెంటు పూసుకుని రాకూడదు, సబ్బు వాసన కూడా పనికిరాదు. తల్లికి పరాయి వాసన తగిలితే పిల్లల్ని దగ్గరికి రానివ్వదు, ఒక్కోసారి కొరికేస్తుంది కూడా. అందుకని చేతి తొడుగులకి వాటి పంజరంలోని చెక్క పొట్టే రుద్దుకుంటాం. పిల్ల మెడ వెనక చర్మం చిటికెడు ఎత్తి పట్టుకోవడం నా పని. సూది వెయ్యడం కోడలి పని. ఇన్నేళ్ళలో ఎన్ని పిల్లలకి వేసిందో, దాని సూదికి ఒక్క పిల్ల కీచుమనగా నేను వినలేదు.

మొదటి పిల్లకి బానే వేసింది. రెండో పిల్లకి వెయ్యబోతే నా బొటనవేలు చురుక్కుమంది.

"నాకెందుకే మందు? నా తీగలన్నీ ఎప్పుడో దిగిపోయాయి" అన్నాను.

నవ్వలేదు. "సారీ మామయ్యా. ఇటు తిప్పు."

మూడో పిల్లకి వేసింది. పిల్ల కిక్కురుమనలేదు. తిరిగి గూట్లో పెట్టబోతుంటే వీపంతా చెమ్మగా తగిలింది.

"దీనికి సూది వేశావా, స్నానం చేయించావా?"

కోడలు పిల్లని నా చేతిలోంచి తీసుకుని దీపం కింద పెట్టింది. వేలితో వీపు రుద్దింది. బొచ్చు అట్టకట్టి మెరుస్తోంది. సూది చర్మానికి ఒకవైపు దిగి రెండోవైపు బయటికి వచ్చేసింది. మందంతా పైనే కారిపోయింది.

"లోపలికి పోలేదు" అంది. "పైపైనే పడింది. ఇన్నాళ్ళూ ఇలాగే పడుతోందేమో. మందు పడ్డ పిల్లలని రాసుకుంటున్నాను. బయట మందు, లోపల ఏమీ లేదు."

"నిద్ర లేక అలా అవుతోంది. తిండి కూడా సరిగ్గా తినవు. కొంగ మెడా నువ్వూ."

పిల్లల్ని తల్లి దగ్గర పెట్టేసి సీసాలు కడిగే గదిలోకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. మనిషి మొహం చూస్తే ఏదో ఒకటి చేసి నవ్వించాలనిపించింది. నా దగ్గర ఉన్నది ఒకటే విద్య. కోడలు గౌనేసుకుని తిరిగే రోజుల నుంచీ ఆడుతున్న ఆట. జేబులోంచి పిప్పరమెంటు తీసి "ఇదిగో" అని చాపుతాను, అందుకోబోతే లాగేస్తాను. దీని తమ్ముడు, మా అల్లుడు, ప్రతిసారీ మోసపోయేవాడు. ఇది మాత్రం ఒక్కసారీ పోలేదు. నేను లాగేలోపే పిప్పరమెంటు దాని నోట్లో ఉండేది. పాము చెయ్యే నీది అని తిట్టేవాణ్ణి.

"ఇదిగో" అన్నాను.

చెయ్యి చాపింది. నేను లాగలేదు. ఇవాళ పాపం గెలవనిద్దాం అనుకున్నాను. దాని చెయ్యి పిప్పరమెంటుని దాటి ముందుకి పోయింది. వెనక్కి వచ్చి ఇటు దాటింది. మళ్ళీ అటు పోయి, అప్పుడు అందుకుంది.

"ఏమే, నీ చెయ్యి ఇల్లు మర్చిపోయి వీధి చుట్టూ తిరుగుతోందేం" అన్నాను.

పిప్పరమెంటు నోట్లో వేసుకోలేదు. అరచేతిలో పెట్టుకుని దాన్ని చూస్తోంది. దాన్ని కాదు, చేతిని. ఎలుక పిల్లని వెల్లకిలా పెట్టి చూస్తుందే, అలా చూస్తోంది.

"మామయ్యా, నీ వేలు పైకి పెట్టు."

పెట్టాను. చూపుడువేలితో తన ముక్కు ముట్టుకుని, నా వేలు ముట్టుకోబోయింది. తప్పింది. దగ్గరికొచ్చేకొద్దీ చెయ్యి వణుకు ఎక్కువైంది. ఇంకో చెయ్యి. అదీ తప్పింది. "కదపకు" అంది. "నేను కదపలేదే" అన్నాను. నిజంగానే కదపలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నిజం చెప్పాను, అప్పుడు నమ్మలేదు.

తర్వాత చెప్పులు విడిచి, నేల మీద పరిచిన రెండు వరసల పలకల మధ్య గీత మీద మడమకి బొటనవేలు ఆనించి అడుగులు వేసింది. ఇదేదో కొత్త ఆట అనుకుని దాని వెనకాలే నేనూ చేతులు రెండూ రెక్కల్లా చాపి సర్కస్ వాడిలా నడిచాను. మూడో అడుగులో తను పక్కకి ఒరిగి సింకు పట్టుకుంది. సింకు పైన అద్దంలో వెనక నన్ను చూసింది. నేను చేతులు దించేశాను.

"నాన్న ఇలాగే నడిచేవాడు" అంది.

మా బావ బస్సు కండక్టరు. పోయి చాలా ఏళ్ళయింది. బస్సు నడుస్తున్నంతసేపూ అందరితోపాటూ ఊగేవాడు. ఆగాక కూడా ఊగేవాడు. డ్యూటీలో తాగాడని ఉద్యోగంలోంచి తీసేశారు. చివరి ఏళ్ళు మంచంలోనే. ఈ పిల్ల తండ్రితో మాట్లాడటం మానేసి, తాగితే మనిషి ఎందుకు తూలతాడని బళ్ళో టీచర్ని అడిగిందిట. తాగుడు ముందు చిన్నమెదడుని పడగొడుతుందమ్మా అందావిడ. ఆ చిన్నమెదడు పట్టుకునే ఇంత దూరం చదివింది.

"మీ నాన్న తాగి నడిచేవాడమ్మడూ. నీకూ ఆయనకీ పోలికేంటి?"

"తాగేవాడని నీకెలా తెలుసు?"

"ఎలా తెలుసేంటే, ఎన్నిసార్లు భుజాన మోసుకొచ్చాను? గుప్పుమనేది."

"నోరా, చొక్కానా?"

వెంటనే నోరే అందామనుకున్నాను. నా నాలుక అంత తొందరగా ఎప్పుడూ ఆగదు. బావ తల నా భుజం మీద వేలాడుతుండగా మెట్లెక్కిన రోజులు గుర్తొచ్చాయి. నా చెవి పక్కనే ఆయన ఊపిరి. "సారీ రా, బరువా" అని అడిగేవాడు. ఆ ఊపిరికి తమలపాకు వాసన కూడా ఉండేది కాదు.

"కాలర్" అన్నాను.

కోడలు పంజరాల గది వైపు చూసింది. "పైపైన" అంది.

*

అక్క టైలరు. బజారులో మేడ మీద చిన్న గది. రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, తీగకి వేలాడే సగం కుట్టిన జాకెట్లు. మేం వెళ్ళేసరికి కుడుతోంది. ఎప్పుడూ గోడవార ఉండే మిషను ఈసారి కిటికీకి ఆనించి ఉంది.

"గాలి కోసమా అక్కా, దారినపోయేవాళ్ళని లెక్కపెట్టుకోడానికా?" అన్నాను.

"నోర్మూసుకుని కూర్చో. ఇద్దరూ ఈ వేళప్పుడు వచ్చారేం? పని మానేశారా?" అంది తల తిప్పకుండా. చేతులు గుడ్డ మీద ఉన్నాయి, కళ్ళు బయట ఉన్నాయి. కుట్టు వంకర పోతోంది. మా అక్క కుట్టు వంకర పోగా నేను ఎన్నడూ చూడలేదు.

కోడలు ఎదురుగా బల్ల మీద కూర్చుంది. "అమ్మా, నాన్న తాగేవాడా?"

మిషను ఆగింది.

"ఇప్పుడెందుకే ఆ పాడు సంగతి."

"తాగేవాడా?"

"ఊరంతా చూసింది కదా."

"ఊరు సంగతి నేనడగలేదు. ఒక్క గుక్కైనా ఆయన నోట్లోకి పోవడం నువ్వు చూశావా?"

అక్క పాదం మిషను మీంచి తీసి చెప్పుల్లో పెట్టుకుంది. మళ్ళీ తీసింది. తగవులాడే మనిషే, మామూలుగా అయితే ఈపాటికి కత్తెర గాల్లో ఆడించేది. ఇవాళ కత్తెర పక్కకి జరిపింది.

"సీసా నేనే కొనేదాన్ని" అంది. "మొహానికి కొంగు కప్పుకుని, రెండు వీధులు దాటి పోయి. పొద్దున్నే ఆయన డ్యూటీకి బయల్దేరేముందు కాలర్ మీద కాస్త, జేబు మీద కాస్త. ఆయనే మెడ వంచేవాడు. చొక్కా మరక పడకుండా పొయ్యవే అనేవాడు."

నాకు నవ్వు రాలేదని చెబితే మీరు నమ్మరు. బావ మెడ వంచి నిలబడటం కళ్ళ ముందు కనబడి నవ్వే రాబోయింది. చేత్తో నోరు మూసుకున్నాను.

"ఎందుకమ్మా?"

"పెద్ద డాక్టరు చెప్పాడు. ఇది రక్తంలోనే ఉంది, చిన్నమెదడు కొంచెం కొంచెంగా పోతుంది, మందు లేదు, పిల్లలకీ రావచ్చు, రాకనూ పోవచ్చు అన్నాడు. జబ్బని చెప్పుకుంటే డిపోలో కుర్చీ వేసి కూర్చోబెట్టి జీతం ఇచ్చేవాళ్ళే. ఆయన ఒప్పుకోలేదు. పిల్లలు దీని కోసం ఎదురుచూస్తూ పెరగకూడదన్నాడు. కాలు తడబడ్డప్పుడల్లా వచ్చేసిందేమో అని చూసుకుంటూ బతకకూడదు, నన్ను తిట్టుకుంటూ పెరిగినా పర్లేదు అన్నాడు."

"తిట్టాను" అంది కోడలు.

"తెలుసు. మంచంలో పడ్డాక కూడా నువ్వు ఆయన గదిలోకి వెళ్ళేదానివి కాదు. గుమ్మం దగ్గర నీ అడుగు వినబడితే ఇటు తిరిగి పడుకునేవాడు. తిరగలేక ఎంత సేపు అవస్థపడేవాడో. నన్ను చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు."

కోడలు రోజూ పొద్దున్నించి సాయంత్రం దాకా పిల్లల్ని వెల్లకిలా వేసి, అవి తిరగడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసే మనిషి. పక్క గదిలో తండ్రి తిరగడం చూడలేదు.

కోడలు బల్ల మీంచి ముందుకి వంగింది. "ఇన్నేళ్ళూ అది ఎలా కట్టుకుంటుందో చూశానమ్మా. పుట్టాక తీగలెలా కుదురుతాయో, ఒక్కటి నిలబడి మిగతావెలా రాలతాయో. కుదిరితే ఇక కుదిరినట్టే అనుకున్నా. ఎలా ఊడిపోతుందో ఒక్కసారీ చూడలేదు." తన చెయ్యి చాపి అక్క ముందు మిషను మీద పెట్టింది. "సూది ఇలా ఇవ్వు."

అక్కకి చత్వారం వచ్చినప్పటి నుంచీ సూదిలోకి దారం ఎక్కించేది కోడలే. ఒక్క విసురులో ఎక్కించేది. అక్క సూది, దారం ఇచ్చింది. దారం కొస సూది బెజ్జాన్ని దాటిపోయింది. వెనక్కొచ్చింది. దాటింది. అక్క చూస్తూ కూర్చుంది. నాలుగోసారి పోతుంటే రెండు చేతుల్తో కూతురి చేతిని అలాగే పట్టేసుకుంది, పంజరంలోంచి దూకబోయే పిల్లని పట్టుకున్నట్టు.

"నీక్కూడానా" అంది.

అంతే అంది. ఆ ఒక్క ముక్కలో ఏం తేడా ఉందో నా మొద్దు బుర్రకి తట్టలేదు. కోడలికి తట్టింది.

"'కూడా' ఏంటమ్మా?"

అక్క చేతులు వదల్లేదు.

"మామయ్యా" అంది కోడలు, కళ్ళు తల్లి మీదే ఉంచి. "పోయినవారం తమ్ముణ్ణి మోసుకొచ్చావు కదా. నోరా, చొక్కానా?"

చొక్కాయే తాగిందేమోలేరా అన్న నా గొంతు నాకే వినబడింది. చుట్టూ జనం నవ్వు. మధ్యలో వాడి మొహం. ఆ మొహం వైపు నేను సరిగ్గా చూడనే లేదు.

"నేనే పోశాను" అంది అక్క. "వాడు నిద్రపోతుంటే. వాడికేం తెలీదు. ఆర్నెల్ల నుంచీ చూస్తున్నా, గుమ్మం దాటేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. నువ్వు పొద్దస్తమానం ఆ ఎలుకల దగ్గరుంటావు కాబట్టి సరిపోయింది, ఒక్కపూట వాడి నడక చూస్తే పట్టేస్తావు. పట్టేస్తే నీ గురించి కూడా లెక్క వేసుకుంటావు. అందుకే నీ కంటపడకుండా బయటికి పంపేశాను. ఒకసారి పోస్తే ఇద్దరూ హాయిగా పెరిగారు కదా అని ఇంకోసారి పోశాను."

"వాడు తాగలేదని ప్రమాణం చేశాడు."

"చేశాడు. నా కాళ్ళు పట్టుకుని చేశాడు."

కిటికీలోంచి ఎండ పక్కకి వాలి మిషను మీద పడింది. గాజు గిన్నెలోని బొత్తాలు మెరుస్తున్నాయి. నాకేం చెయ్యాలో తోచలేదు. ఏదో ఒకటి చెయ్యకుండా కూర్చోలేని జబ్బు నాది. వాడితో మాట్లాడాలి, ఒరే అల్లుడూ నువ్వు నిజమే చెప్పావురా అనాలి, అంతే తట్టింది. జేబులోంచి ఫోను తీసి వాడి నంబరు నొక్కాను.

"తమ్ముడు ఎక్కడ?" అని అడుగుతోంది కోడలు.

అక్క గడ్డంతో కిటికీ వైపు చూపించింది. "మేస్త్రీని బతిమాలాను, లోపలి గోడలే ఇవ్వమని. ఇన్నాళ్ళూ అలాగే ఇచ్చాడు. లోపలి పని అయిపోయిందట. పొద్దున్నుంచీ బయట..." నా చేతిలో ఫోను చూసింది. "ఫోన్ చెయ్యకురా."

అప్పటికే మోగుతోంది.

వీధికి అవతల కొత్త మేడ. సగం గోడ పసుపు, సగం ఇంకా సిమెంటు రంగు. నాలుగో అంతస్తు ఎత్తున రెండు తాళ్ళకి ఒక పలక వేలాడుతోంది. దాని మీద కూర్చుని మా అల్లుడు రంగు వేస్తున్నాడు. మిషను కిటికీ దగ్గరికి ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. పిలిస్తే కిందికి చూస్తాడని పొద్దున్నుంచీ పిలవకుండా చూస్తూ కూర్చుంది మా అక్క.

వాడు బ్రష్షు డబ్బాలో పెట్టాడు. తాడుని పట్టుకున్న చెయ్యి వదిలాడు. ఫోను కోసం జేబు వైపు చెయ్యి పోనిచ్చాడు. ఆ చెయ్యి జేబుని దాటి వెనక్కి పోయింది. ముందుకొచ్చి మళ్ళీ దాటింది. దాంతోపాటే పలక కొంచెం ఒరిగింది.

"మామయ్యా, కట్ చెయ్" అంది కోడలు, గట్టిగా అంటే వాడికి వినబడుతుందేమో అన్నంత నెమ్మదిగా.

నా వేలు ఎర్ర బొత్తాం మీదికి పోయింది. జబ్బు లేని చెయ్యి నాది. వణికి, పక్కన పడింది.

అవతల ఫోను ఇంకా మోగుతూనే ఉంది.